కిటికీ తెరిచిన మగ్గం గది

నేను ఒక నాడెను. మగ్గం మీద పడుగు దారాల మధ్య పేక పోగును అటూ ఇటూ మోసుకుపోవడం నా ఉద్యోగం. చీరాల దగ్గర ఒక వడ్రంగి గట్టి కర్రను చెక్కి, రెండు కొనలకూ ఇనుప మొనలు తొడిగి, నేతగాడు మార్కండేయులు చేతిలో పెట్టాడు. ఆయన నన్ను బుగ్గకు రాసుకుని నునుపు చూశాడు. అంత గౌరవం మళ్లీ నాకెవరూ ఇవ్వలేదు.

మా గుంట మగ్గం గదికి ఒకటే కిటికీ. అదీ ఎప్పుడూ మూసే ఉండేది. వేడిగాలి తగిలితే పోగు ఎండి పుటుక్కున తెగుతుంది, ఎండ పడితే రంగు వెలుస్తుంది. మనుషులు భలేవాళ్లు! దారం కందిపోకూడదని ముప్పై ఏళ్లు తాము నీడలో కూర్చున్నారు. పొద్దున గుంటలో కాళ్లు పెడితే మార్కండేయులు లేచేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది.

మూడేళ్ల కిందట ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కనపడని పోగును నులుముతున్నట్టు వాటంతట అవే ఆడసాగాయి. నేను దారి తప్పి నేల మీద పడేదాన్ని.

"దీని మొన అరిగిపోయిందే" అనేవాడు భార్య సుబ్బరత్నంతో.

ఆడలేక మద్దెల ఓడన్నాడని నేనూ ఉడుక్కున్నాను. తర్వాత తెలిసి సిగ్గుపడ్డాను.

గుంటూరు డాక్టరమ్మ దాన్ని పార్కిన్సన్స్ అన్నదట. వణుక్కు రోజూ మూడు పూటలా మాత్రలు రాసింది. రక్తపరీక్షలో విటమిన్ డి కూడా బాగా తక్కువ ఉందని, వారానికొక మాత్ర వేసుకుని పొద్దున కాసేపు ఎండలో నడవమంది.

మార్కండేయులు చెవికి ఆ డి మాటొక్కటే ఎక్కింది.

"తగ్గిందాన్ని నింపుకుంటే సరిపోయె. ఆ వణుకు మాత్రలేస్తే కడుపులో తిప్పుతుండాయి, నాకొద్దు" అన్నాడు.

పోగు తెగితే ముడేసి సరిచేసినవాడు. ఒంటిని కూడా అలాగే అనుకున్నాడు పాపం. భార్యకు తెలియకుండా మూడు పూటల మాత్రలు మానేసి, అరుగు మీద ఎండ కాచుకుంటూ కూర్చున్నాడు. పది రోజులకు ఒళ్లు కొయ్యబారింది. ఓ పొద్దున బయటికి పోబోయి గడప దగ్గర ఆగిపోయాడు. పాదాలు నేలకు అతుక్కున్నాయి. బలవంతాన అడుగేయబోయి బోర్లా పడ్డాడు. ఆ చప్పుడు విని కూడా నేను కదల్లేకపోయాను. నాకు చాలా బాధేసింది.

డాక్టరమ్మ కేకలేసిందట. "ఈ జబ్బున్నవాళ్లలో డి తక్కువుండటం తరచుగా చూస్తాం. అది తగ్గి జబ్బొచ్చిందా, జబ్బొచ్చి ఇంట్లో కూర్చుంటే అది తగ్గిందా, ఇంకా తేల్లేదు. డి మాత్ర మీ ఎముకలకి. వణుకు మాత్రలు వణుక్కి. ఏదీ మానొద్దు."

మాత్రలన్నీ మళ్లీ మొదలయ్యాయి. ఒళ్లు కొంత వదిలింది. కానీ గడప భయం పోలేదు. "ఇంక నేను గడప దాటను రత్నం" అని మగ్గం గది మూలన కూర్చున్నాడు. మళ్లీ నీడలోకే.

అన్నాళ్లూ నా కడుపులో పెట్టే దారపు కండెలు చుట్టిన సుబ్బరత్నం గుంటలోకి దిగింది. ఆమె చెయ్యి నాకు కొత్త. అయినా నాలుగు రోజులకే కుదిరాం. టక్... టక్... ఓ పొద్దున మార్కండేయులు లేచి గడప దాకా వచ్చి నిలిచిపోయాడు. నేను అటు తగిలాను, టక్. ఆయన పాదం లేచింది. ఇటు తగిలాను, టక్. రెండో పాదం గడప దాటింది.

"ఆపబాకే!" అని అరిచాడు బయటినుంచి.

"నేనాపనులే, నువ్వు నడువయ్యా!" అంది సుబ్బరత్నం ఏడుస్తూ.

వీధిలోకి చప్పుడు బాగా వినపడాలని ఆ రోజే కిటికీ తెరిచింది.

"పోగులు తెగుతాయి గదే?" అన్నాడాయన.

"తెగితే ముడేసుకుంటాలే."

నిజంగానే తెగుతున్నాయి. తెగినప్పుడల్లా నేను ఆగుతాను. వీధిలో ఎండలో ఆయనా ఆగుతాడు. సుబ్బరత్నం ముడేస్తుంది. మళ్లీ ఇద్దరం బయల్దేరతాం.