ఎవరెవరో వస్తారు

కాలనీ ప్రెసిడెంటుగారు కుర్చీలోంచి లేవకుండానే ఆ పని చేయించాడు. ఒక చేతిలో టీకప్పు, ఇంకో చేతిలో గేటుకి మాట్లాడే ఫోను. "ఆ పిల్లని ఆపు. పలక లాక్కో. మళ్లీ ఎక్కకుండా చెయ్" అన్నాడు, టీలో చక్కెర తగ్గిందని చెప్పే గొంతుతోనే.

వంటావిడ పక్కనే నిలబడి రెండో కప్పు పోస్తోంది. నాలుగో అంతస్తు కిటికీలోంచి కాలనీ రోడ్డంతా కనిపిస్తుంది. ఆ రోడ్డు వాలులో చేతులు చాపుకుని చక్రాల పలక మీద జారుతున్న పిల్ల ఆమె కూతురే.

వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. పిల్ల రెక్క పట్టుకుని కిందికి లాగాడు. పలకని ఫుట్‌పాత్ అంచుకి ఆనించి బూటుకాలితో ఒక్క తొక్కు తొక్కాడు. పలక రెండు ముక్కలైంది. పిల్ల అతని మీద పడి పెనుగులాడితే గేటు దాకా ఈడ్చుకెళ్లి బయటికి నెట్టాడు. అది మోకాళ్ల మీద పడింది. లేచి కుంటుకుంటూ వెళ్లింది, ఏడవలేదు.

వంటావిడ కప్పు నిండేదాకా టీ పోసింది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో వండిపెడుతోంది. ఉప్పెక్కువైతే అడిగారు, ఆలస్యమైతే అడిగారు, నీకు పిల్లలున్నారా అని ఒక్కనాడూ అడగలేదు.

"ఇలా వదిలేస్తే రేపు ఎవరెవరో వస్తారు" అన్నాడు ప్రెసిడెంటుగారు భార్యతో. "మీరు చెప్పబట్టి సరిపోయింది" అందావిడ. లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. దానికి మాత్రం గట్టిగానే చీవాట్లు పడ్డాయి.

ఆ పిల్లకి పదమూడేళ్లు. వాడలో అందరూ 'చక్రం' అని పిలుస్తారు. స్కూటర్లు బాగుచేసే మేనమామ పాత బేరింగులు నాలుగు, చెక్క ముక్క ఒకటి కలిపి పలక చేసిచ్చినప్పటినుంచి అది నేలమీద నడిచింది తక్కువ. వాళ్లుండే గది లారీల షెడ్డు వెనకాల. సందులో పొద్దస్తమానం లారీలు వెనక్కి వస్తూనే ఉంటాయి. కిందటేడు పక్కింటి పిల్ల తొక్కుడుబిళ్ల ఆడుతుంటే లారీ చక్రం పాదం మీంచి పోయింది. అప్పటినుంచి వంటావిడ కూతుర్ని సందులో ఆడనివ్వలేదు. కాలనీ రోడ్డు మంచిదమ్మా, అక్కడ బళ్లు మెల్లగా పోతాయి అని పంపింది తనే.

సాయంత్రం మోకాళ్లు కడుగుతుంటే చక్రం అడిగింది: "నువ్వు పైనుంచి చూశావా అమ్మా?"

"లేదు తల్లీ" అంది వంటావిడ. తల ఎత్తకుండా రెండో మోకాలు కడిగింది.

ఆ వారంలోనే కాలనీ గోడ పక్కన షామియానా లేచింది. గోడకి అవతల మునిసిపాలిటీ ఖాళీ జాగా ఉంది. అక్కడేదో కట్టబోతున్నారు, అది వస్తే కాలనీ నాశనం అన్నారు. మొదటిరోజు ఫ్లాట్లవాళ్లే టోపీలు, నీళ్లసీసాలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. రెండోరోజు ఎండ ముదిరింది. మూడోరోజు నుంచి ఒక్కో ఫ్లాటూ ఒక్కో మనిషిని పంపింది.

"మా బదులు రెండు గంటలు కూర్చునిరా" అంది ప్రెసిడెంటుగారి భార్య. "ఇక్కడైతే నిలబడి చెయ్యాలి, అక్కడ కూర్చునే కదా. శుభ్రమైన బట్టలు కట్టుకో, ఫోటోలు తీస్తారు."

చూశారా! బట్టలు ఉతకడానికి మనిషి, కుక్కని తిప్పడానికి మనిషి, బ్యాంకు క్యూలో నిలబడడానికి మనిషి, ఆఖరికి ఆగ్రహించడానికి కూడా మనిషే. షామియానా గుమ్మంలో రిజిస్టరు పెట్టారు. పేరు అక్కర్లేదు, ఫ్లాటు నంబరు వేస్తే చాలు. వంటావిడ '403' అని వేసి కూర్చుంది. అంట్లు తోమే ఆమె '210', ఆయా '207', డ్రైవరు '501'.

నినాదం ప్రెసిడెంటుగారే రాశాడు: "పార్కు మాకొద్దు! ప్రశాంతతే ముద్దు!"

నలుగురు అరిచి చూశారు, ఎవరి గొంతూ గోడ దాటలేదు. వంటావిడ గొంతెత్తింది. లారీల మోతలో పిల్లని కేకేసి కేకేసి సానబడిన గొంతు అది. వీధి చివరిదాకా వినిపించింది. "శభాష్ 403!" అన్నాడు ప్రెసిడెంటుగారు. ఆరేళ్లలో మొదటి మెచ్చుకోలు. ఒళ్లు పులకరించిందని చెప్పక తప్పదు. ఆ రోజునుంచి నినాదం ఆమెదే.

పదో రోజు ఇంటికి వెళ్లేసరికి చక్రం గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అన్నం ముట్టలేదు. చివరికి లేచి కూర్చుని అడిగింది:

"పార్కు మాకొద్దు అని అరుస్తున్నది నువ్వేనా?"

"నేనే. ఏం?"

"అదేం పార్కో తెలుసా నీకు?"

"ఏదో... గోలగోలగా ఉంటుందట."

"పలకల పార్కమ్మా! స్కేట్ పార్కు! సిమెంటుతో వాలులు కడతారు. పలకలు వాళ్లే ఇస్తారట. గేటుండదు, టిక్కెట్టుండదు, ఎవరైనా రావచ్చు. బళ్లో టీచరు పేపరు చదివి చెప్పింది. పేపర్లో నీ ఫోటో కూడా ఉంది. నోరు ఇంత తెరుచుకుని!"

వంటావిడ అక్కడే కూలబడింది. బూటుకాలు వాచ్‌మన్‌ది కావచ్చు, ఇన్నిరోజులూ కూతురి పలకని తొక్కింది తన గొంతే. సిగ్గుతో ముఖం మండిపోయింది. ఆ సిగ్గు తెల్లారేసరికి కోపమైంది. ఎవరెవరో వస్తారు అంటే ఎవరొస్తారో అప్పుడు అర్థమైంది. ఆ ఎవరెవరో తన కడుపున పుట్టిన పిల్లే.

మర్నాడు మధ్యాహ్నం పనుల మధ్య తెరిపిలో బస్సుస్టాపు దగ్గర అందరినీ కూడేసింది. ముప్పైమంది దాకా వచ్చారు. సంగతి చెప్పింది. రేపు మునిసిపాలిటీ ఆఫీసరు వస్తాడు, చేతులెత్తమంటాడు, మనం ఎత్తకూడదు అంది.

"బాగుంది వదినా!" అంట్లు తోమే ఆమె కస్సుమంది. "నీ కూతురు ఆడుకోవాలి, నా పొయ్యి ఆరిపోవాలి. చెయ్యే కదా, ఎత్తితే అరిగిపోతుందా?"

"నీ కొడుకు ఎక్కడ ఆడుతున్నాడు?"

"ఎక్కడేంటి, సందులో!"

"లారీల మధ్యలో. పక్కింటి పిల్ల పాదం గుర్తుందా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట ఉందక్కా. వాళ్లకి ప్రశాంతతా లేదు, పాడూ లేదు. ఆ జాగా కాలనీ కార్లకి ఇప్పించమని మునిసిపాలిటీలో వేరే కాగితం పెట్టారు. మీ ప్రెసిడెంటుని, మా సారుని కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్లాను. దారి పొడుగునా అదే మాట. ముందు సీట్లో ఒక మనిషున్నాడన్న ధ్యాసే లేదు."

"మనముంటే వాళ్లకి ఎవరూ లేనట్టే లెక్క" అంది ఆయా. ఆమె అందరికీ పెద్దమ్మ. మంచం పట్టిన ముసలావిడకి పదేళ్లుగా పక్క మారుస్తోంది. "అందుకే వాళ్ల గుట్లన్నీ మన చెవుల్లో ఉన్నాయి."

"ముందు ఆ వాచ్‌మన్‌గాడి కాళ్లు విరగ్గొట్టాలి!" అన్నాడు తోటమాలి.

"వాడి కాళ్లు విరిగితే ఇంకోడికి బూట్లు తొడుగుతారు. ఫోన్లో మాట్లాడిన నోరు ఎవరిదిరా?" అంది పెద్దమ్మ.

ఒకడు భయపడ్డాడు, ఒకతె ఏడ్చింది, ఇద్దరు మధ్యలోనే బస్సెక్కి పోయారు. మిగిలినవాళ్లు వాదించుకుని, తిట్టుకుని, చివరికి ఒక మాట మీదికి వచ్చారు. రాత్రికి ఆ మాట మిగతావాళ్లకీ పాకింది.

ఆఫీసరు పదకొండింటికి వచ్చాడు. ప్రెసిడెంటుగారు మైకు పట్టుకుని ప్రశాంతత గురించి పావుగంట గట్టిగా అరిచాడు. ఆఫీసరు వాచీ చూసుకుని, "అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

ముందు కుర్చీల్లో తొమ్మిది చేతులు లేచాయి. వెనక చాపల మీద అరవైమంది ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎత్తండి!" ప్రెసిడెంటుగారు పళ్లు బిగించాడు. "వినిపించలేదా? 403! చెయ్యెత్తు!"

వంటావిడ లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపింది.

"403 అంటే మీ ఇల్లు సార్. మీ చెయ్యి మీరెత్తుకోండి."

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ప్రెసిడెంటుగారి ముఖం కందగడ్డయింది.

"ఆఫీసరుగారూ! ఇన్నాళ్లూ ఇక్కడ అరిచింది నేను. వాళ్లు కూర్చోమంటే కూర్చున్నాం, అరవమంటే అరిచాం. ఎవరెవరో వస్తారని ఈ పార్కు వద్దంటున్నారు. ఆ ఎవరెవరో మా పిల్లలే సార్! మా పిల్లలు లారీల కింద ఆడుకుంటున్నారు. వీళ్ల అంట్లు మేం తోమొచ్చు, వీళ్ల పిల్లల ముడ్డి మేం కడగొచ్చు, మా పిల్ల మాత్రం వీళ్ల గోడపక్కన నవ్వకూడదు! నేను తెలియక అరిచాను. ఆ నినాదాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి."

ఆఫీసరు ఇబ్బందిగా కదిలాడు. "నినాదాలు వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదమ్మా."

"తెల్ల కాగితం ఉందిగా! రాయండి!" అంది అంట్లు తోమే ఆమె. నిన్న కస్సుమన్నది ఈమే. అరవైమంది "రాయండి, రాయండి" అని అందుకున్నారు. ఆఫీసరు ఏదో గీకి జీపెక్కాడు. ప్రభుత్వం వాడు, అంతకన్నా ఏం చేస్తాడు?

మర్నాడు పొద్దున గేటు మీద కాగితం అంటించి ఉంది. పనివాళ్లలో పద్నాలుగుమందికి గేటు పాసులు రద్దు. మొదటిది 403. కింద ఇంకో ముక్క: స్కేట్ పార్కు ఆలోచన ప్రస్తుతానికి వాయిదా పడిందని సభ్యులకి శుభవార్త.

వాచ్‌మన్ తల వంచుకుని గేటు మూయబోయాడు. పాసులున్నవాళ్లు నూరుమందికి పైనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ లోపలికి అడుగు వెయ్యలేదు. "పద్నాలుగుమందికి లేని గేటు మాకెందుకు?" అన్నాడు డ్రైవరు, పాసు చింపి గాల్లోకి విసిరి. పాసు పోయినా పెద్దమ్మ మాత్రం ముందుకి నడిచింది.

"నేను వెళ్తున్నాను. పక్కకి ఒత్తిగిలించకపోతే ముసలావిడ వీపు పుళ్లు పడుతుంది. ఆవిడ మనకేం చేసింది?"

ఎవరూ కాదనలేదు. గేటు లోపల నిలబడిన ప్రెసిడెంటుగారే కాదన్నాడు. పాసు రద్దంటే రద్దే అన్నాడు. రెండో అంతస్తులోంచి ముసలావిడ కూతురు ఆయన్ని తిట్టిన తిట్లు రోడ్డు మీదికి వినిపించాయి.

వాచ్‌మన్ అప్పుడు బయటికి వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అక్కా, ఆ రోజు నేను..." అన్నాడు.

"నాకు కాదు, నా కూతురికి చెప్పు. ఇప్పుడొచ్చి కూర్చో" అంది వంటావిడ.

మూడురోజులు గేటు ముందు కూర్చున్నారు. లోపల చెత్త డబ్బాలు పొర్లిపోయాయి. కార్ల మీద దుమ్ము పేరింది. నాలుగోరోజు పొద్దున్నే పోలీసు వ్యాను వచ్చింది. దారికి అడ్డమట, శాంతికి భంగమట. లాఠీలు లేచాయి. తోటమాలి తల పగిలింది. వంటావిడని, అంట్లు తోమే ఆమెని, డ్రైవరుని ఈడ్చి వ్యానులో పడేశారు. చక్రం వ్యాను వెనక పరిగెత్తింది. "భయపడకమ్మా!" అని అరిచింది. తల్లిని ధైర్యంగా ఉండమని పిల్ల చెప్పే రోజు!

స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేస్తూ, "పార్కు కోసం ఇంత రభసా? తిన్నది అరక్క!" అన్నాడు. "ఇంకెప్పుడూ గుంపు చేరమని సంతకాలు పెట్టి పొండి. మళ్లీ పనిలో పెట్టుకోమని నేనే చెప్తాను."

"చెయ్యను సార్. 403 అని నేను పెట్టిన సంతకాలు ఇక చాలు" అంది వంటావిడ.

ఇన్‌స్పెక్టరు లేచి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపు బల్ల మీద ఫోను మోగింది. చిరాగ్గా తీశాడు.

"చెప్పవే. రాలేదా? పనావిడెందుకు రాలేదు? పక్కింట్లో అడుగు... వాళ్లింటికీ రాలేదా?" గొంతు తగ్గించాడు. "ఎదురు వీధిలో కూడానా? గిన్నెలు అలా ఉండనీ. నేనేం చెయ్యను? ఎక్కడున్నారు వాళ్లంతా? ఏ గేటు దగ్గర?"

ఫోను పెట్టి కిటికీవైపు చూశాడు. తర్వాత బల్ల మీదున్న ముగ్గురివైపు చూశాడు.

"మొత్తం ఎంతమంది ఉన్నారు మీరు?" అన్నాడు.

"మాకూ తెలీదు సార్" అంది వంటావిడ. "ఇంకా వస్తున్నారు."