బంగారం మరక

చీమలు...

ఎండ ముదిరితే చాలు, వచ్చేవి. షెడ్డు గోడ పగులులోంచి వరుసగా, టైరు మీదుగా ఎక్కి, తలుపు సందులోంచి దూరి, నేరుగా వెనక సీటు మీదికి. ఎడమ పక్కకు. అరచేయంత మరక మీదికి.

నలభై ఏళ్ల పైమాట. అయినా అవి దారి మరవలేదు.

అది బెల్లం మరక. మేడారం బెల్లం. అక్కడ దాన్ని బెల్లం అనరు — బంగారం అంటారు.

సోమక్క తెచ్చిన బంగారం.

బిడ్డ పద్మలతకు మూడేళ్లప్పుడు జ్వరం పట్టుకుని వదల్లేదు. బిడ్డ లేచి ఆడుకుంటే నిలువెత్తు బంగారం ఇస్తానని మేడారం తల్లులకు మొక్కుకుంది సోమక్క. బిడ్డ లేచింది. ఆడుకుంది. జాతరకు పోయి, బిడ్డను తూచి, బిడ్డ ఎత్తు బంగారం ఇచ్చి, ప్రసాదం ముక్కలు కొన్ని గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టుకుంది.

కారు కొత్తది. ఫియట్టు. వరంగల్ చౌరస్తాలో ఇత్తడి గిన్నెల దుకాణం నడిపే పెనిమిటి రామలింగం, పేరు రాయించుకుని మూడేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న కారు. సీటు గుడ్డ నీలం... చెరువు మీద పొద్దుటి నీలం.

మాఘమాసపు మధ్యాహ్నం. ముందూ వెనకా ఎడ్లబండ్లు. కారు నడవదు, ఎండ ఆగదు. బంగారం కరిగింది. మూట దాటింది. నీలంలోకి ఇంకింది.

ములుగు దగ్గర చూశాడు రామలింగం.

"కండ్లు ఏడ పెట్టినవే?"

అంతే. ఇల్లు చేరేదాకా మళ్లీ మాట లేదు.

ఆ రోజు నుంచి సోమక్క ఎప్పుడు కారెక్కినా ఎడమ పక్కే. మరక మీదే. పెళ్లికైనా, చావుకైనా, దవాఖానకైనా — కొంగు సర్దుకుని, దాని మీదే. ఆయన కంట పడకూడదని. తల వంచుకుని.

కడుగుతానని ఎన్నిసార్లు అడిగిందో.

"ముట్టకు," అనేవాడు. తాళంచెవి జేబులో వేసుకునేవాడు.

కోపం పోలేదనుకుంది.

ఆయనే పోయాడు. పదకొండేళ్లు. కోపం పోకుండానే పోయాడనుకుంది.

ఇప్పుడు పద్మలత ఆ కారును పోటీకి పెడుతోంది. హైదరాబాదులో. పాత కార్లే, కానీ రంగు వేసి మెరిపించినవి కావు. ఒంటి మీద మొదటి రంగు ఉన్నవి, మొదటి గుడ్డ ఉన్నవి, బతికింది బతికినట్టే ఉన్నవి. రెండు నెలల నుంచి అదే పని ఆమెకు. మెత్తటి కుంచెతో దుమ్ము మాత్రం దులుపుతుంది. ముందద్దం మీద అతికించిన కంపెనీ కాగితం సగం చిరిగి ఉంటే, దాని దగ్గర ఊపిరి కూడా మెల్లగా తీస్తుంది.

"జడ్జీలు బోల్టు బోల్టు సూస్తరట అమ్మా. ఏది మారినా మార్కులు పోతయ్. అసలుది ఉండాలె, అసలుది."

అసలు.

ఆ మాట సోమక్కకు కొత్త కాదు. ఇత్తడి నడుమ బతికిన మనిషి. దుకాణంలో నల్లబడ్డ బిందె కనబడితే ఊరుకునేది కాదు — చింతపండు పెట్టి తోమేది. బిందె పచ్చగా నవ్వేది. రామలింగం దాన్ని వచ్చినవాళ్ల ముందు తిప్పి తిప్పి చూపేవాడు. "ఇగో, ఇదీ దీని అసలు రంగు."

తోమితే బయటపడేదే అసలు.

ఆమెకు తెలిసిన అసలు అదే.

పోటీ ఇంక రెండు రోజులుందనగా పద్మలత కాజీపేటకు పోయింది, కారు బాగుచేసే పాత మేస్త్రీ సదానందాన్ని పిలుచుకురావడానికి. తండ్రి పోయినప్పటి నుంచి తన దగ్గరే ఉంచుకునే తాళంచెవి గూట్లో పెట్టి పోయింది.

నలభై ఏళ్లలో మొదటిసారి, చేతికందేలా.

జడ్జీలు చూస్తారు కదా... పదిమంది చూస్తారు కదా... ఆయన కారులో నా తప్పు కనబడుతుంది కదా...

కుంకుళ్లు నానబెట్టింది. నురగ తీసింది. మెత్తటి గుడ్డ పట్టింది. ఒకసారి. రెండుసార్లు. నీళ్లు తేనెరంగుకు తిరిగాయి. మెల్లగా, అడుగునుంచి, నీలం లేచింది — ములుగు ఇంకా రాని నీలం.

"ఇగో," అంది సోమక్క, ఎవరితోనో. "ఇగో, అసలు రంగు."

మధ్యాహ్నం పద్మలత సదానందంతో వచ్చి కారు తలుపు తీసింది. తడి గుడ్డ మీద అరచేయి ఆనించింది. తీయలేదు.

"కడిగినవా అమ్మా?"

"కడిగిన బిడ్డా. ఎంత మంచిగైందో సూడు."

"ఫోటోల పంపిన గదనే దాన్ని. కాయితంల గూడ రాసిన, మా అమ్మ మొక్కు మరక అని... నా మొక్కే గదనే అది."

సోమక్క చేతిలో గుడ్డలోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

సదానందం కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. "లింగన్న ఉంటే ఇయ్యాల నీ పని జెప్పేటోడు వదినా," అన్నాడు. నవ్విద్దామనుకున్నాడు.

"మూడుసార్లు అడిగిన నేను," అన్నాడు మళ్లీ, నెమ్మదిగా. "సీటుకు కొత్త గుడ్డ ఏస్త అన్నా అని. వద్దన్నడు. పోనీ కడుగుత అన్న. వద్దన్నడు. గది గట్లనే ఉండనీయ్ అన్నడు."

"ఎందుకట?"

"చెప్పలే వదినా. అద్దం సరిజేసుకున్నడు, పోయిండు."

అద్దం.

సోమక్క ముందు తలుపు తీసింది. ఆయన నడిపే సీట్లో కూర్చుంది — ఎన్నడూ కూర్చోని చోట. తల ఎత్తింది — ఆ కారులో ఎన్నడూ ఎత్తని తల.

ఆయన దిగిన రోజు నుంచి, వెనక చూసుకునే ఆ అద్దాన్ని ఎవరూ కదపలేదు. ఏదీ మార్చకూడదని పద్మలతా కదపలేదు.

అది వెనక దారి వైపు లేదు.

ఎడమ మూలకు వంగి ఉంది. మరక మీదికి... మరక మీద తల వంచుకుని కూర్చునే మనిషి మీదికి...

దేన్ని చూసుకున్నాడో.

ఇప్పుడందులో తడి నీలం. అంతే.

పోటీకి పోదామా అని సదానందం అడగలేదు. పోదామని పద్మలత అనలేదు.

సోమక్క వంటింట్లోకి పోయింది. బెల్లం ముక్క తెచ్చింది. సీటు దాకా తెచ్చింది. ఆగింది.

ఇది బెల్లమే. బంగారం కాదు.

పిడికిట్లోనే ఉంది ముక్క. కరుగుతోంది. వేళ్ల సందుల్లోంచి మెల్లగా...

ఎండ ముదిరింది.

గోడ పగులులోంచి వరుసగా వచ్చాయి. టైరు మీదుగా, తలుపు సందులోంచి, ఎడమ పక్కకు. తడి అంచు దగ్గర ఆగాయి. అటు పోయాయి. ఇటు వచ్చాయి.

చీమలు... ఇంకా వెతుకుతున్నాయి.