బాబాయి పెట్టిన గడువు

ఒంటిగంట నుంచి మూడు దాకా ఆ ఆసుపత్రిలో రోగులను చూడరు. ఆ కాసేపూ భవనమంతా కునుకు తీస్తుంది. వరండాల్లో ఎండ నేలమీద మెల్లగా జరుగుతుంటే ఖాళీ బల్లలు దాన్నే చూస్తూ కూర్చుంటాయి. సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరు జోకొడుతోంది. అక్కడ పనిచేసే అమ్మాయి మాత్రం రెప్ప వేయకుండా తెరమీది పచ్చచుక్కల్ని చూస్తోంది. ఒక్కో చుక్కా ఒక్కో స్విచ్చి, అంటే చుట్టుపక్కల గదుల కంప్యూటర్లను కలిపే పెట్టె. మొత్తం అరవైనాలుగు.

వాటి అమరికలు మార్చాలంటే ఇన్నాళ్లూ ఒక్కోదాంట్లోకీ వెళ్లి చేత్తో టైపు కొట్టాల్సిందే. వారం పట్టేది. ఆర్నెల్లు తల బద్దలు కొట్టుకుని ఆమె ఓ స్క్రిప్టు, అంటే ఆ ఆదేశాలన్నీ తనే ఇచ్చే చిన్న ప్రోగ్రాం, రాసింది. ఒక్క మీట నొక్కితే అన్నీ మారిపోవాలి. తేడా వచ్చి మూడింటికల్లా సర్దుకోకపోతే డాక్టర్ల ముందు రిపోర్టులు తెరుచుకోవు, ఆ స్క్రిప్టు మొహం మళ్లీ ఎవరూ చూడరు.

పక్క కుర్చీలో బాబాయి కళ్లు మూసుకుని ఉన్నాడు. వరసకు నాన్న తమ్ముడు, ఈ పనిలో గురువు. రేపు రిటైరవుతాడు.

"నొక్కనా బాబాయ్?"

"నన్నడుగుతావేంటి? నొక్కు."

రెండుంబావుకి నొక్కింది. పచ్చచుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఆమె ఒక్కదాంట్లోకీ మళ్లీ వెళ్లలేకపోయింది, స్క్రిప్టు తిరగేసి చూసుకుంది. స్విచ్చిల్లోకి ఎవర్ని రానివ్వాలో చెప్పే కొత్త జాబితాలో తాము వెళ్లే దారినే రాయడం మరిచింది. ఇక వైరు పట్టుకుని స్విచ్చిలున్న అరవైనాలుగు అల్మారాల దగ్గరికీ నడవాలి. మూడింటికి కాదు కదా, రేపటికి కూడా తెమలదు.

"లేవకు తల్లీ. రెండున్నర కానీ."

ఎందుకని అడిగే ఓపిక కూడా లేక కూర్చుంది. ఎర్రచుక్కలు కళ్లలో ఈదాయి. గది నీళ్లలో మునిగినట్టూ, తాను అడుగున కూర్చున్నట్టూ అనిపించింది. సరిగ్గా రెండున్నరకు చుక్కలన్నీ ఆరిపోయి, కాసేపటికి పచ్చగా వెలిగాయి. పాత అమరికలు ఉన్నవి ఉన్నట్టే తిరిగొచ్చాయి.

"పొద్దున్నే అన్నిటికీ గడువు పెట్టా. రెండున్నరకి వాటంతటవే ఆగి మళ్లీ మొదలవుతాయి. సేవ్ చెయ్యని మార్పు పోతుంది. నీ పని బాగా అయ్యుంటే గడువు తీసేసేవాణ్ణి."

తప్పిపోయిన వరుస చేర్చి ఆమె మళ్లీ నొక్కింది. ఈసారి ఒక్క చుక్కా ఎర్రబడలేదు. అంతా కుదిరాక, ఎవరు ఎప్పుడేం కొట్టారో రాసుండే పట్టీ తెరిచింది. పొద్దుటి గడువు కింద బాబాయి పేరుంది. వెనక్కి వెళ్లింది. ఆరేళ్లు. ఆమె మార్పు చేసిన ప్రతి రోజూ, అంతకుముందే ఒక గడువు. పని అయ్యాక దాన్ని తీసేసిన గుర్తు.

"ఎప్పుడూ చెప్పలేదేం బాబాయ్?"

"చెబితే ప్రతిసారీ నా వైపు చూసేదానివి."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆ తేదీలన్నీ ఆమెకు గుర్తే. ప్రతిసారీ తన ధైర్యానికి తానే మురిసిపోయింది.