సోమవారాల సాకు

2001లో దసరా వెళ్లాక, మా పోతిరెడ్డిపల్లి కాలనీ క్లబ్బులో ఆడవాళ్లకు పొద్దుటిపూట బరువులెత్తడం నేర్పే బ్యాచ్ పెట్టారు. రెండు నెలలు చూసి, ఫలితం లేకపోతే ఆ గదిని క్యారమ్స్‌కి ఇచ్చేస్తామని సెక్రటరీ సూర్యప్రకాశరావుగారు ముందే చెప్పారు. నేర్పడానికి పక్కనున్న కంది అనే ఊరి నుంచి మొగులమ్మ వచ్చేది. పెళ్లికి ముందు జిల్లా తరఫున బరువులెత్తిన మనిషి. ఇప్పుడు మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తోంది. డ్యూటీకి వెళ్తూ మా దగ్గర ఆగేది.

మొదటిరోజే నాతో చెప్పింది.

"రత్నమ్మా, వారానికి అర్ధకిలో దిగితే సాలు. జల్దీ దిగాలని కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోని బలం గూడ పోతది. రాడ్డు మీద బరువు పెరుగుతనే ఉండాలె. పప్పు, పెరుగు, గుడ్డు తిను."

"మా ఇంట్లో గుడ్డు ముట్టుకోం."

"గట్లయితే పెసర్లు తిను. వాటికి గూడ మడి ఉన్నదా?"

బ్యాచ్‌లో ఉన్న ఆరుగురమూ నవ్వాం.

నెలరోజులు ఆమె చెప్పినట్టే చేశాను. నేల మీంచి ఎత్తే బరువు ఇరవై అయిదు కిలోల నుంచి నలభైకి వచ్చింది. ఒంటి బరువు మాత్రం రెండు కిలోలే తగ్గింది. రోజూ కాటా ఎక్కి క్యాలెండర్ మీద రాసుకునే నాకు ఆ అంకె చాలలేదు. బీఎస్సీ చదివినదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. రాత్రి భోజనం మానేశాను. తర్వాత మధ్యాహ్నం కూడా మజ్జిగతో సరిపెట్టాను.

వారం తిరక్కుండానే నలభై కిలోలు మోకాలు దాటలేదు.

"ఏంది, తింటలేవా?" అంది మొగులమ్మ.

"కార్తీక సోమవారం. ఉపవాసం."

ఆమె వెంటనే వంగి ప్లేట్లు తీసేసింది. "ముందుగాల జెప్పొద్దా? ఒక్కపొద్దున్న మనిషితోని బరువు మోపిస్తే నాకు పాపం."

అంత సులువుగా జరిగిపోయింది. సోమవారానికి గురువారం తోడైంది. కార్తీకం వెళ్లాక శనివారం చేరింది. దేవుడి పేరు చెబితే ఆమె మరో ప్రశ్న వేసేది కాదు. ఒకరోజు రెండు అరటిపళ్లు తెచ్చి, "పండు తినొచ్చు గదా," అని నా చేతిలో పెట్టింది. దారిలో ఆవుకు పెట్టేశాను. ఆ సంగతి ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు.

ఒళ్లు ఏడు కిలోలు తగ్గింది. బ్యాచ్‌లో నాతో పాటు ఉన్న పక్క క్వార్టర్ నాగేశ్వరి "నడుమొచ్చిందండీ మీకు!" అంటే పొంగిపోయాను. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. గ్యాస్ అని మావారికి చెప్పాను.

రెండు నెలలు నిండి, క్లబ్బు కమిటీ చూడటానికి వచ్చిన రోజున, మొదటి నెల ఎవరెంత ఎత్తారో రాసిన కాగితంలో నా పేరే పైన ఉండటంతో సూర్యప్రకాశరావుగారు ముందు నన్నే పిలిచారు. మొగులమ్మ ముప్పై కిలోలే పెట్టింది. రాడ్డు పిక్కల దాకా వచ్చి చేతుల్లోంచి జారి, సిమెంటు నేల మీద పడింది.

"నెలకిందట నలభై, ఇవాళ ముప్పై లేవదు. ఏం నేర్పావమ్మా నువ్వు? ఇక ఈ బ్యాచ్ ఎందుకు?" అన్నారాయన.

"నన్నంటే అనుండ్రి సార్, అమ్మనేమనకుండ్రి," అంది మొగులమ్మ. "వారానికి మూడు ఒక్కపొద్దులుంటది. గంత నిష్ఠ నేనేడ జూడలే."

అందరూ నా వైపు గౌరవంగా చూశారు. ఆ చూపులకే నా మొహం మండింది.

"అవి ఉపవాసాలు కావండీ," అన్నాను. "సన్నబడాలని తిండి మానేశాను. తినమనే ఆవిడ చెప్పింది. నేనే అబద్ధమాడాను."

నాగేశ్వరి నేల చూపులు చూసింది. సూర్యప్రకాశరావుగారు మిగతా అయిదుగురినీ పిలిచారు. అందరూ మొదటి నెల కంటే ఎక్కువే ఎత్తారు. బ్యాచ్ ఇంకో రెండు నెలలు ఉంటుందన్నారు.

అందరూ వెళ్లేదాకా మొగులమ్మ నా మొహం చూడలేదు.

"నీ అబద్ధానికి నేను పాపమని భయపడ్డ," అంది ప్లేట్లు సర్దుతూ. "నీకు దేవుని మీద లేకపోతే లేకపాయె. నాకున్నది గదా!"

కింద మిగిలిన ప్లేటు అందిస్తూ అడిగాను, "రేపు రానా?"

"తిని రా. ఖాళీ రాడ్డు కాడికెల్లి మళ్ల షురూ."

మర్నాడు టిఫిన్ తిని వెళ్లి చివరి వరసలో నిలబడ్డాను. మిగతావాళ్లు ఎత్తుతుంటే ఒకటి, రెండు అని ఆమె పైకి లెక్కపెట్టింది. నా దగ్గరకొచ్చేసరికి నా వీపు వంగిందేమో చూసి పక్కకు వెళ్లింది. నా లెక్క నేనే పెట్టుకున్నాను.