పల్లం దారిలో నీళ్ళు

చూపు పోయాక కూడా డెస్మండ్ ఆదివారం సైకిలు సవారీ మానలేదు. రెండు సీట్ల సైకిలు కొని, ముందు భార్య హిల్డాను కూర్చోబెట్టి, వెనక తను ఎక్కేవాడు. సెవర్న్ నది వెంట దారులన్నీ అతనికి కంఠతా వచ్చు. "చర్చి దాటాక ఎడమకి తిప్పు," "ఇక్కడ గేరు తగ్గించు" అని వెనకనుంచి చెబుతూనే ఉండేవాడు.

మార్చిలో ఒక ఆదివారం పల్లం దారిలో హిల్డా గభాల్న బ్రేకు వేసింది.

"ఏమైంది?" అన్నాడు డెస్మండ్.

"నది పొంగి రోడ్డు మీదకొచ్చింది. వెనక్కి పోదాం పద."

"ఇక్కడ నీళ్ళు మడమ లోతు కూడా ఉండవే. నలభై ఏళ్ళుగా చూస్తున్నా. తొక్కు."

"ఇప్పుడు చూస్తున్నది నేను. అంత నమ్మకముంటే దిగి నువ్వే నడువు."

డెస్మండ్ నిజంగానే దిగాడు. పక్కనున్న కంచె పట్టుకుని నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు మునిగాయి. ఇంకో నాలుగడుగులకి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అక్కడే నిలబడిపోయాడు. హిల్డా అతన్ని పిలవలేదు, సైకిలు కంచెకి ఆనించి బూట్లు విప్పుకోసాగింది.

ఆమె నీళ్ళలోకి దిగేలోపే అతను మెల్లగా వెనక్కి వచ్చాడు.

"అయితే ఎటు పోదాం?" అని అడిగాడు. ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"గుట్ట మీది దారిన," అంది హిల్డా.

ఎత్తు ఎక్కినంతసేపూ అతను ఎటు తిప్పాలో, ఎప్పుడు గేరు తగ్గించాలో చెప్పకుండా తొక్కాడు.