గెలిచే వేళకు పోయే నెట్టు

పెద్దపులి అని పేరు పెట్టుకుని ఆడేది ఎవరో తెలుసుకోవాలని ఆ ఇంటి కోడలికి ఒకటే కుతూహలం. దగ్గర్లో ఉన్న సమ ఉజ్జీలను జతకలిపే ఫోను చదరంగంలో అతను తరచూ తగిలేవాడు. ఆట గట్టిదే, నోరు మాత్రం మంచిది కాదు. బంటు పోతే చాలు, "ఒరేయ్ మిరపగింజా, నీకు ఆట నేర్పిందెవడురా?" అని రాసేవాడు. మిరపగింజ అంటే ఈవిడే. కళ్లద్దాల దుకాణంలో పగలంతా అద్దాలు అరగదీసి వచ్చి, సాయంత్రం ఎవడో కుర్రాడి లెక్కన తిట్లు తినడం ఆవిడకు తమాషాగానే ఉండేది.

అసలు మంట వేరే. పెద్దపులి ఓడిపోయే ఘడియ వచ్చేసరికి ఈవిడింట్లో నెట్టు పోయేది. ఆట మధ్యలో పారిపోతే ఓడినట్టే, నెట్టు పోతే మాత్రం ఆ ఆట లెక్కలోకే రాదు. విసిగిపోయి నెట్టు మెకానిక్కును పిలిపించింది. అతను పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, దీనికే జబ్బూ లేదు, ఎవరో స్విచ్చి ఆపుతున్నారని తేల్చి వెళ్లిపోయాడు.

ఆపేదెవరు? మొగుడు ఆ వేళకు ఇంట్లో ఉండడు. మిగిలింది మామగారు. మంచినీళ్లు కావాలన్నా "శ్రమ కాకపోతే" అని అడిగే మనిషి. గుండె ఆపరేషను అయ్యాక ఆయన్ని ఉద్రేకపడనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఇంట్లో ఆయనతో చదరంగం ఆడితే ఓడిపోవాలని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. ఈవిడైతే మంత్రిని తీసుకెళ్లి ఆయన గుర్రానికి అప్పగించి, చూసుకోలేదని నాలుక కరుచుకునేది.

మర్నాడు ఇంకొక్క ఎత్తుతో పెద్దపులి పని అయిపోతుందనగా, కోడలు ఫోను పట్టుకుని వెళ్లి హాల్లో చెప్పుల స్టాండు పక్కనున్న నెట్టు పెట్టె ముందు నిలబడింది. గది తలుపు తెరుచుకుంది. మామగారు ఫోనులోకి చూస్తూ, స్విచ్చి వైపు చెయ్యి చాపుతూ వచ్చి, ఆవిడను చూసి ఆగిపోయారు. రెండు ఫోన్లలోనూ ఒకటే ఆట. నిన్నటి తిట్లు గుర్తొచ్చాయి కాబోలు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఇన్నాళ్లూ అంత నోరు ఎక్కడ దాచారని ఆవిడ అడిగింది, నిజంగానే తెలుసుకుందామని. ముఖం కనపడని చోట మర్యాద గుర్తురాదమ్మా అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"మీరంతా నాకు కావాలని ఓడిపోతున్నారని తెలీదనుకున్నావా? ఓడీ ఓడీ, నాకు ఓడిపోవడం చేతకాకుండా చేశారు. నన్ను నిజంగా ఓడించాలని చూసింది ఆ మిరపగింజగాడొక్కడే. వాడూ నువ్వే అయ్యావు. ఇక వాడు కూడా ఓడిపోతాడు."

డాక్టరు మాట గుర్తొచ్చి కోడలికి భయం వేసింది. మామగారు ఫోనులోకే చూస్తున్నారు. స్విచ్చి చేతికందేంత దూరంలోనే ఉంది, ఆయన చెయ్యి మాత్రం ఒళ్లోంచి కదల్లేదు.

ఆవిడ మంత్రిని జరిపింది. ఆయన రాజుకు చెక్, కదలడానికి గడి లేదు.

"ఓడిపోయాను," అన్నారు మామగారు మెల్లగా. మళ్లీ అన్నారు, "నిజంగానే ఓడిపోయాను."

కళ్లు తుడుచుకుని, ఇంకో ఆట మొదలుపెట్టమన్నారు.