ఏడో పక్కటెముక

ఆ బస్సు కండక్టర్ పక్కటెముకలో గడ్డను చూసి క్యాన్సరేనని తేల్చింది నేను. ముప్ఫై ఏళ్ళుగా కత్తి పట్టినవాణ్ణి. చేరి ఏడాదైనా కాని నా జూనియర్ స్కాన్ చూసి, "క్యాన్సర్ కాదేమో సార్. ఇది చాలా అరుదుగా వచ్చే గడ్డ, ప్రాణానికేం కాదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామా?" అంది. పంపితే ఆమె మాటే నిజమైంది. ఆ రోజు నుంచి ఆమెను ఎవరు మెచ్చుకున్నా నాకు కడుపు మండిపోయేది.

గడ్డ పెరుగుతోంది, నొప్పి ఆగడం లేదు. ఆ ఎముక ముక్కను తీసేయాల్సిందే. ఆపరేషన్ ముందురోజు వేళ్ళతో లెక్కపెట్టి, గడ్డ ఉన్న ఏడో పక్కటెముక ఇదేనని పెన్నుతో గీత గీశాను. ఎక్స్‌రే తీసి సరిచూద్దామంది జూనియర్.

"నాకు లెక్కలు నేర్పకమ్మా" అన్నాను.

మర్నాడు థియేటర్లో చూస్తే గీత ఒక ఎముక కిందికి దిగింది. గోడకు కొత్త ఎక్స్‌రే తగిలించి ఉంది. దాన్ని చూసి, కొత్త గీత మీదే కోశాను. గడ్డ అక్కడే దొరికింది.

చేతులు కడుక్కుంటూ అడిగాను. "గీత నువ్వే మార్చావా?"

"అవును సార్. మీరు గీసింది ఆరోదాని మీద పడింది. స్పిరిట్‌తో తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు."

బయట కండక్టర్ భార్య నాకు చేతులు జోడించింది. "మీ హస్తవాసి మంచిదని అందరూ అన్నారు డాక్టరుగారూ."

"నిజమేనమ్మా" అంది జూనియర్, వెటకారం పిసరంతైనా లేకుండా.

నలుగురిలో నా పరువు తీసి ఉంటే హాయిగా ద్వేషించేవాణ్ణి. ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.